భయం ఒక గడి, తిరస్కారం ఇంకో గడి: ఒక ప్రశ్నావళి తయారీ డైరీ

మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవారి పట్ల ఆస్పత్రి సిబ్బంది వైఖరిని కొలిచే ప్రశ్నావళిని తెలుగులో ఎలా తయారుచేశామో ఇక్కడ దశలవారీగా రాస్తున్నాను. కోస్తా ఆంధ్రలోని ఒక పట్టణంలో స్టాఫ్ నర్సులు, ల్యాబ్ టెక్నీషియన్లు, డ్రెస్సింగ్ గది సిబ్బంది, ఫార్మసిస్టులు జవాబులిచ్చారు. ఇంకో జిల్లాలో ఎవరైనా ఇదే పని తలపెడితే పనికొచ్చినవి తీసుకోవచ్చు, పనికిరానివి మళ్లీ చేయనక్కర్లేదు. కింద కనిపించే మా అంకెలు ప్రశ్నావళి పనితీరును చెప్పేవి మాత్రమే. నర్సులు ఇలాంటివారు, అలాంటివారు అని చెప్పడానికి వాటిని వాడవద్దు.

ఎందుకు కొలవాలి

ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య చికిత్సా కేంద్రం 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో మత్తుమందులను సూదితో తీసుకునేవారు సుమారు 8.5 లక్షల మంది. వీరి సంఖ్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాలు అనగానే పంజాబ్, మణిపూర్, నాగాలాండ్ గుర్తుకొస్తాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. సూదితో తీసుకునేవాటిలో హెరాయిన్ వాటా ఎంతో, మందుల కంపెనీల్లో తయారయ్యే ఓపియాయిడ్ (నల్లమందు తరహా) నొప్పి మందుల వాటా కూడా దాదాపు అంతే. 2017 నాటి జాతీయ నిఘా సర్వేలో వీరిలో హెచ్‌ఐవీ 6.26 శాతం. అదే ఏడాది దేశంలోని వయోజనులందరిలో అంచనా 0.22 శాతం.

సూది గుచ్చిన చోట గడ్డ కట్టి చీము పట్టినప్పుడు ఈ మనుషులు వచ్చేది మామూలు ఆస్పత్రి డ్రెస్సింగ్ గదికే. అక్కడ ఒక మాట పడితే మళ్లీ రారు. ఈసారి గడ్డ ముదిరాక, జ్వరం నెత్తికెక్కాక ఎవరో మోసుకొస్తారు. సిబ్బందికి శిక్షణ ఇస్తే ఇది మారుతుందని చాలామంది చెబుతారు. మారిందని చెప్పాలంటే ముందు, తర్వాత కొలవాలి. ఆ కొలత పరికరం తెలుగులో మాకు దొరకలేదు.

దశ 1: ప్రశ్నల పోగు

పరికరాలు: ఏ4 కాగితం, తాళం వేసే రేకు పెట్టె, పట్టికలకు లిబ్రేఆఫీస్ కాల్క్, లెక్కలకు ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని సైక్ ప్యాకేజీ. అన్నీ ఉచితంగానో చవకగానో దొరికేవే.

ఇంగ్లీషులో ఉన్న కొలమానాలను చదివాం. 1925లో బొగార్డస్ అనే సమాజ శాస్త్రవేత్త మొదలుపెట్టిన సామాజిక దూరం ప్రశ్నల (ఒకరిని ఎంత దగ్గరికి రానిస్తారో అడిగేవి) నుంచి 2016లో వచ్చిన మాదకద్రవ్య వివక్ష కొలమానం వరకు చూశాం. రెండోది అనుభవించిన వివక్ష, ఎదురవుతుందని భయపడే వివక్ష, తమలో తాము ఇంకించుకున్న వివక్ష అని మూడు భాగాలు చేస్తుంది. లింక్, ఫెలాన్ అనే సమాజ శాస్త్రవేత్తలు 2001లో చెప్పిన విషయాన్ని గోడకు అంటించుకున్నాం: ముద్ర వేయడం, ఆ ముద్రకు చెడు లక్షణాలు అంటగట్టడం, మనం వేరు వాళ్లు వేరు అని గీత గీయడం, హోదా తగ్గించడం, వీటన్నిటి వెనుక అధికారం ఉండడం. కేవలం 'ఇష్టం లేదు' అనడం వివక్ష కాదు. సూది, మందు, మంచం, వరుస ఎవరి చేతిలో ఉన్నాయో వాళ్ల అయిష్టం రోగికి చికిత్స తగ్గించినప్పుడు అది వివక్ష అవుతుంది. మా ప్రశ్నలన్నీ వార్డు పనుల చుట్టూ తిరగాలని అక్కడే నిర్ణయమైంది.

సామాజిక దూరం ప్రశ్నలు మొదటి పరీక్షలోనే కూలిపోయాయి. 'ఇలాంటి వ్యక్తికి మీ ఇల్లు అద్దెకిస్తారా?' అంటే అందరూ ఇవ్వమన్నారు. మన పట్టణాల్లో పెళ్లి కాని కుర్రవాడికి కూడా ఇల్లు అద్దెకివ్వరు. 'మీ ఇంటి పిల్లనిస్తారా?' అన్న ప్రశ్నకు జవాబు కులం దగ్గరే తేలిపోతుంది, మత్తుమందు దాకా రాదు. జవాబులు ఒకే వైపు పేరుకుంటే, అవి మనం అడిగిన విషయం గురించి కాకపోతే, ఆ ప్రశ్న ఉండి లాభం లేదు. ఆ తరహావన్నీ తీసేశాం.

ఇప్పటి లెక్క: ప్రశ్నలు 64.

దశ 2: ఎవరి గురించి అడుగుతున్నామో వాళ్లే మొదటి పాఠకులు

ఒక డ్రాప్-ఇన్ కేంద్రంలో (మత్తు ఇంజెక్షన్లు తీసుకునేవారు వచ్చి సాయం పొందే చోటు), ఇంజెక్షన్లు తీసుకునే లేదా గతంలో తీసుకున్న 8 మందికి 64 ప్రశ్నలూ చదివి వినిపించాం. ఒక్కో ప్రశ్నకు ఒకటే అడిగాం: 'ఇది మీకు ఆస్పత్రిలో తగిలే విషయమేనా?'

ఎక్కువ చర్చ జరిగింది జాలి మీద. 'వీరిని చూస్తే నాకు జాలి కలుగుతుంది' అన్న వాక్యం మా చిత్తులో మంచి వైఖరి కింద ఉంది. బల్ల చివర కూర్చున్న పీర్ ఎడ్యుకేటర్ (తానూ ఆ అనుభవం ఉండి తోటివారికి సాయపడే వ్యక్తి) ఒకరు దాన్ని చదవనివ్వలేదు. "జాలి చూపించే సిస్టరే ముందు మా అమ్మను పిలిచి విషయమంతా చెప్పేస్తుంది సార్. జాలి వద్దు, గుట్టు కావాలి" అన్నారు. మార్కు ఏ వైపు వేయాలో తేలని ప్రశ్న కొలమానంలో ఉండకూడదు. జాలి ప్రశ్నలు పోయాయి. వాటి స్థానంలో గోప్యత ప్రశ్నలు వచ్చాయి.

వాళ్లు కలిపినవి మాకు తట్టనివి:

1. కేస్ షీట్ మీద ఎర్ర సిరాతో గుర్తు పెట్టడం.
2. నరం దొరకనప్పుడు 'నీకు తెలుసుగా, నువ్వే చూపించు' అని నలుగురిలో అనడం.
3. నొప్పి అంటే నాటకమనుకోవడం.
4. డ్రెస్సింగును ఆఖరి రోగిగా చేయడం, లేదా ఇంటికి తీసుకెళ్లి చేసుకోమని దూది, బ్యాండేజీ చేతిలో పెట్టడం.
5. విత్‌డ్రాయల్ (మత్తుమందు ఆగినప్పుడు వచ్చే బాధ) వల్ల వణుకుతుంటే దొంగచూపులని అనుమానించడం.
6. వెంట వచ్చినవారి ముందు హెచ్‌ఐవీ పరీక్ష మాట ఎత్తడం.

ఇప్పటి లెక్క: 64 లోంచి 17 పోయాయి, 6 చేరాయి. మిగిలినవి 53.

దశ 3: చదువుతూ పైకి ఆలోచించమని అడగడం

22 మంది సిబ్బందికి ఒక్కొక్కరికీ విడిగా ప్రశ్న ఇచ్చి, మనసులో ఏమనుకుంటూ జవాబు గుర్తిస్తున్నారో పైకి చెప్పమన్నాం. ప్రాజెక్టు మొత్తంలో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఈ దశే. సమయం తక్కువైతే లెక్కల్లో కోత పెట్టుకోండి, ఇందులో పెట్టవద్దు.

మొదటి వైఫల్యం 'వీరు ప్రమాదకరమైనవారు' అన్న ప్రశ్నది. ఒక నర్సు సూది గుచ్చుకోవడం గురించి ఆలోచిస్తూ ఒప్పుకున్నారు. ఇంకొకరు రాత్రి డ్యూటీలో జరిగే గొడవ గురించి, మరొకరు వార్డు అలమరాలోంచి ఇంజెక్షన్లు మాయం కావడం గురించి ఆలోచించారు. ముగ్గురూ ఒకే గడిలో టిక్కు పెట్టారు. దాన్ని మూడు ప్రశ్నలుగా విడగొట్టాం.

రెండోది వ్యతిరేక వాక్యాలది. తెలుగులో క్రియ చివర వస్తుంది, 'కాదు' కూడా అక్కడే వస్తుంది. డ్యూటీ మధ్యలో గబగబా చదివేవారు వాక్యం చివరిదాకా రాకుండానే టిక్కు పెడుతున్నారు. 'తక్కువ శ్రద్ధ చూపడం సరికాదు' అన్న వాక్యానికి 'ఒప్పుకోను' అని పెట్టినవారిని అడిగితే, తాము తక్కువ శ్రద్ధ చూపబోమన్నదే వారి ఉద్దేశం. మార్కు మాత్రం తలకిందులుగా పడుతుంది. వాక్య నిర్మాణంలో వ్యతిరేకం లేకుండా అన్నీ తిరగరాశాం. మంచి వైఖరి చెప్పే వాక్యాలు, చెడు వైఖరి చెప్పే వాక్యాలు కలిపే ఉంచాం, కానీ రెండూ 'చేయాలి', 'ఉంటుంది' అనే ముగుస్తాయి.

మూడోది మధ్య గడిది. అయిదు గడుల్లో మధ్యది 'చెప్పలేను'. అక్కడ జవాబులు గుట్టగా పడుతున్నాయి. ఎందుకని అడిగితే మూడు కారణాలు తేలాయి. 'అలాంటి రోగిని నేను చూడలేదు', 'చెప్పడం నాకిష్టం లేదు', 'మనిషిని బట్టి ఉంటుంది'. ఇందులో మూడోది చాలా విలువైన జవాబు. అందరినీ ఒకే గాటన కట్టనని చెబుతోంది ఆ నర్సు. మధ్య గడి తీసేసి నాలుగే ఉంచితే ఆ మాట చెప్పే చోటు పోతుంది. ఉంచితే మిగతా రెండు కారణాలతో కలిసిపోతుంది.

మార్పు ఇలా చేశాం. తీర్పు చెప్పే ప్రశ్నలన్నిటినీ 'ఎంతమంది' ప్రశ్నలుగా మార్చాం. 'వీరు నొప్పి ఉందని అబద్ధం చెబుతారు: ఒప్పుకుంటారా?' అన్నది 'నొప్పి ఉందని చెప్పే ఇలాంటి రోగుల్లో ఎంతమంది నిజం చెబుతారని మీ అభిప్రాయం?' అయింది. గడులు నాలుగు: ఎవరూ కాదు, కొద్దిమంది, చాలామంది, అందరూ. మనిషిని బట్టి ఆలోచించేవారు మధ్య రెండు గడుల్లో హాయిగా ఇమిడారు. పక్కన గీత గీసి విడిగా 'నా పనిలో ఎదురుకాలేదు' అనే అయిదో గడి పెట్టాం. దానికి మార్కు లేదు.

ఇప్పటి లెక్క: విడగొట్టినవి కూడా కలుపుకుని చూస్తే 53 లోంచి నికరంగా 19 తగ్గాయి. మిగిలినవి 34. మాట్లాడిన సిబ్బంది 22.

దశ 4: జవాబు ఎక్కడ రాయిస్తామన్నది

ఫోనులో కోబో టూల్‌బాక్స్ ఫారం పెట్టి చూశాం. మా ఫోను చేతికిస్తే మేం పక్కనే నిలబడాలి. లింకు పంపితే తమ నంబరు మాకు తెలిసిపోతుందని అనుమానం. హెడ్ నర్సు డ్యూటీ గదిలో కూర్చుని ఉండగా నింపిన ఫారాల్లో జవాబులన్నీ నీతిపాఠంలా ఉన్నాయి. ఆస్పత్రి ముద్ర ఉన్న కాగితం మీద అచ్చు వేసినా అంతే.

మాకు నిలిచిన పద్ధతి:

1. ముద్ర, సంతకం, పేరు లేని తెల్ల కాగితం. అక్షరం పరిమాణం 14. గడుల వరుస ఒక్క పంక్తిలో పట్టాలి. మాట విరిగి కింది పంక్తిలోకి పోతే టిక్కు పక్క గడిలో పడుతుంది.
2. వయసు అడగవద్దు. అడిగితే పదేళ్ల అంతరాల్లో అడగండి. వార్డులో ఒకే ఒక్క పురుష నర్సు ఉంటే 'పురుషుడు' అన్న టిక్కే ఆయన పేరు చెప్పేస్తుంది.
3. నింపిన కాగితం కవరులో, కవరు డ్యూటీ గది బయట ఉన్న పెట్టెలో.
4. మధ్యాహ్నం 2 గంటలకు షిఫ్టు మారే వేళ రెండు షిఫ్టులవారూ ఉంటారు. అప్పుడే ఇవ్వండి. మా ఫారానికి పట్టే సమయం సుమారు 12 నిమిషాలు.

దశ 5: 126 మంది, 34 ప్రశ్నలు

ముందు జవాబుల పంపకం చూశాం. పదింట తొమ్మిది మంది ఒకే గడిలో ఉన్న ప్రశ్నలు 9. 'ప్రతి రోగినీ సమానంగా చూడాలి' లాంటివి. నిజమే, కానీ ఏమీ కొలవవు. తీసేశాం. మిగిలింది 25.

ఆ 25కి క్రోన్‌బాక్ ఆల్ఫా 0.91 వచ్చింది. ఇక్కడ ఆగి సంతోషించేవారే ఎక్కువ. ఆల్ఫా అంటే ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా నడుస్తున్నాయో చెప్పే అంకె, కానీ ప్రశ్నల సంఖ్య పెరిగితే అదంతట అదే పెరుగుతుంది. ప్రశ్నల మధ్య సగటు సంబంధం (0 అంటే ఏమీ లేదు, 1 అంటే పూర్తిగా) 0.3 మాత్రమే ఉన్నా 8 ప్రశ్నలకు ఆల్ఫా 0.77, 20 ప్రశ్నలకు 0.90 వస్తుంది. ఒకే ప్రశ్నను మూడు రకాలుగా అడిగినా పెరుగుతుంది. మా 25లో అలాంటి జంటలు దొరికాయి. ఒక్కో జంటలో పీర్ బృందం ముఖ్యమన్నదాన్ని ఉంచి, 6 తీసేశాం. ఆల్ఫా తగ్గింది. తగ్గాలి కూడా.

మిగిలిన 19 మీద ఫ్యాక్టర్ విశ్లేషణ (ఏ ప్రశ్నలు కలిసి నడుస్తున్నాయో గుంపులుగా చూపే లెక్క) చేశాం. 126 మంది దీనికి చాలా తక్కువ, ఫలితాన్ని తాత్కాలికంగానే తీసుకోవాలి. అయినా జవాబులు మూడు గుంపులుగా విడిపోయాయి:

భయం: 6 ప్రశ్నలు, ఆల్ఫా 0.80. సూది గుచ్చుకోవడం, గొడవ, మందుల దొంగతనం.
తీర్పు: 7 ప్రశ్నలు, ఆల్ఫా 0.79. 'కోరి తెచ్చుకున్నదే', 'నొప్పి నాటకం', 'వీరికి పెట్టే ఖర్చు వృథా'.
వార్డు నడవడి: 6 ప్రశ్నలు, ఆల్ఫా 0.72. ఎర్ర సిరా, ఆఖరి డ్రెస్సింగ్, గుట్టు బయటపెట్టడం.

భయానికీ తీర్పుకూ మధ్య సంబంధం 0.31 మాత్రమే. ఈ డైరీలో ఒక్క విషయం మాత్రమే తీసుకెళ్లగలిగితే ఇది తీసుకెళ్లండి: ఈ రెంటినీ కలిపి ఒక మొత్తం మార్కుగా ఎప్పుడూ ఇవ్వవద్దు.

కారణం వార్డులో కనిపిస్తుంది. గ్లవ్స్ అయిపోయిన రాత్రి, వాడిన సూదులు వేసే డబ్బా నిండిపోయిన రాత్రి, ఒక నర్సు భయపడడం న్యాయం. ఆమెకు కావలసింది సరఫరా, హెపటైటిస్-బి టీకా, కచ్చితమైన సమాచారం. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తికి వాడిన సూది గుచ్చుకుంటే సోకే అవకాశం సుమారు 0.3 శాతం, అంటే వెయ్యికి మూడు. నివారణ మందు వీలైనంత త్వరగా, 72 గంటల లోపే మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. హెపటైటిస్-సికి ఇప్పుడు మాత్రలతోనే నయమయ్యే చికిత్స ఉంది, 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద అది ఉచితం. ఇవి తెలిసిన చోట, దొరికిన చోట భయం తగ్గడానికి దారి ఉంది. 'వీడికి చేయడం దండగ' అనుకునేవారికి ఎన్ని గ్లవ్స్ ఇచ్చినా ఆ అభిప్రాయం కదలదు. రెండు జబ్బులకు రెండు మందులు. మొత్తం మార్కు ఒకటే ఇస్తే సూపరింటెండెంటు ఒకే శిక్షణ పెట్టి చేతులు దులుపుకుంటారు, భయపడిన నర్సు మీద వివక్ష చూపే మనిషన్న ముద్ర పడుతుంది. ఒకరి మీది ముద్ర తీయబోయి ఇంకొకరి మీద వేయడం నాకు సమ్మతం కాదు.

భయం ప్రశ్నల పక్కనే మార్కు లేని మూడు ప్రశ్నలు చేర్చాం: గ్లవ్స్ ఎప్పుడూ దొరుకుతాయా, హెపటైటిస్-బి మూడు డోసులూ పడ్డాయా, సూది గుచ్చుకుంటే రాత్రిపూట ఎవరికి చెప్పాలో తెలుసా. భయం మార్కును వీటితో కలిపే చదవాలి.

నడవడి ప్రశ్నల్లో ఇంకో మార్పు. 'మీరు ఎప్పుడైనా గుట్టు బయటపెట్టారా?' అంటే లేదనే జవాబు. 'గత మూడు నెలల్లో మీ వార్డులో ఇలా జరగడం చూశారా?' అని మార్చాం. జవాబులు కదిలాయి. కానీ జాగ్రత్త: ఒకే సంఘటనను అయిదుగురు చూసి ఉండవచ్చు. ఇది ఎన్నిసార్లు జరిగిందో చెప్పదు, వార్డు వాతావరణం ఎలా ఉందో చెబుతుంది.

ఇప్పటి లెక్క: మార్కుల ప్రశ్నలు 19, మార్కు లేనివి 3. జవాబిచ్చిన సిబ్బంది 22 + 126 = 148.

దశ 6: అభిప్రాయం అడగకుండా కొలవడం

సూటిగా అడిగితే మనిషి తన మంచితనాన్ని ముందు పెడతాడు. దాన్ని దాటడానికి రెండు పద్ధతులు ప్రయత్నించాం. ఒకటి నిలిచింది.

నిలవనిది జాబితా పద్ధతి. సగం మందికి నాలుగు మామూలు వాక్యాలిచ్చి ఎన్ని నిజమో సంఖ్య మాత్రమే చెప్పమంటారు. మిగతా సగానికి సున్నితమైన అయిదో వాక్యం కలిపి ఇస్తారు. రెండు సగటుల తేడాయే ఆ వాక్యాన్ని ఒప్పుకున్నవారి వాటా. ఏ ఒక్కరి జవాబూ బయటపడదు. ఆలోచన చక్కగా ఉంది, సంఖ్య చాలదు. ప్రామాణిక విచలనం (జవాబులు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) 1 అనుకుంటే, 63 మంది చొప్పున రెండు గుంపులకు వచ్చే అనిశ్చితి అటూ ఇటూ 35 శాతం పాయింట్లు. దాన్ని 10కి తేవాలంటే గుంపుకు సుమారు 770 మంది కావాలి. ఒక పట్టణంలో అది కుదరదు. వదిలేశాం. రాష్ట్రమంతటా చేసేవారు తప్పక ప్రయత్నించాలి.

నిలిచింది కథనం పద్ధతి. 2010లో అమెరికాలో కెల్లీ, వెస్టర్‌హాఫ్ ఇద్దరూ మానసిక ఆరోగ్య వైద్యులకు ఒకే రోగి కథనాన్ని ఒక్క వర్ణన మాత్రం మార్చి ఇచ్చారు. వర్ణన మారితే శిక్ష వైపు మొగ్గు కూడా మారిందని తేలింది. మేం అదే చట్రాన్ని డ్రెస్సింగ్ గదికి తెచ్చాం.

1. అయిదుగురు రోగులు వరుసలో ఉన్నారు. నలుగురి వివరాలు అన్ని ఫారాల్లోనూ ఒకటే.
2. అయిదో వ్యక్తి వయసు 32, ఎడమ చేతికి చీము గడ్డ, జ్వరం 101. ఇది కూడా మారదు.
3. మారేది కారణం ఒక్కటే: పనిలో ఇనుప ముక్క గీసుకుంది, తాగి పడినప్పుడు గాయమైంది, మత్తు ఇంజెక్షన్ తీసుకున్న చోట గడ్డ కట్టింది.
4. ఎవరిని ఏ వరుసలో చూస్తారో 1 నుంచి 5 వరకు అంకె వేయాలి.

ఇందులో చెడిపోయినవి: మొదట పోలికకు మధుమేహ రోగిని పెట్టాం. మధుమేహం అనగానే చదివేవారి మనసులో 55 ఏళ్ల మనిషి మెదిలాడు, కాగితం మీద 32 అని ఉన్నా సరే. ఇనుప ముక్కకు మార్చాం. 'ఎన్ని నిమిషాల్లో చూస్తారు?' అని అడిగితే అందరూ 'వెంటనే' అని రాశారు. వరుస అంకెలు వేయమంటే ఒకరిని ముందుకు తెస్తే ఇంకొకరు వెనక్కి వెళ్లక తప్పదు, అందుకే జవాబుల్లో తేడా కనిపించింది. ఒక వార్డులో ఫారం ఫోటో వాట్సాప్ గ్రూపులోకి వెళ్లింది, తర్వాతి షిఫ్టువారు ఫారాలు ఒకే రకం కావని గమనించారు. ఆ వార్డు కాగితాలన్నీ పక్కన పెట్టి, ఒకే పూటలో అందరికీ ఇచ్చేలా మార్చాం. మూడు రకాలనూ కలిపే పని మనిషికి వదలకుండా ఆర్‌లోనే యాదృచ్ఛికంగా కలిపి, కట్ట కట్టి తెచ్చాం.

దశ 7: రెండో వైపు

సిబ్బంది చెప్పింది ఒక సగం. చికిత్సకు వచ్చినవారు చెప్పేది ఇంకో సగం, నా దృష్టిలో బరువైన సగం. 48 మందితో మాట్లాడాం. ప్రశ్నలు అడిగింది మేం కాదు, శిక్షణ పొందిన పీర్ ఎడ్యుకేటర్లు.

ఇక్కడ ఎదురైన పెద్ద చిక్కు చాలామందికి తట్టదు. 'గత ఏడాదిలో ఆస్పత్రిలో మీతో అవమానకరంగా మాట్లాడారా?' అంటే కొందరు 'లేదు' అన్నారు. మార్కు సున్నా, అంటే పరిస్థితి బాగుందని లెక్క. అడిగినాయన ఊరుకోలేదు. "ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్లావు తమ్ముడూ?" "అసలు వెళ్లలేదన్నా. గడ్డను నేనే కోసుకున్నాను." అతి ఎక్కువ వివక్షకు గురైనవారు ఆ వివక్ష దొరికే చోటికే పోవడం మానేశారు. మా పట్టికలో వాళ్లే అందరికంటే సుఖంగా ఉన్నట్టు కనబడుతున్నారు.

క్రమం మార్చాం:

1. గత ఏడాదిలో చికిత్స అవసరమనిపించిందా?
2. అవసరమైనా వెళ్లకుండా ఉండిపోయారా? ఎందుకు?
3. వెళ్లి ఉంటేనే చివరిసారి వెళ్లినప్పటి ప్రశ్నలు. 'గత ఏడాదిలో' కంటే 'చివరిసారి' జ్ఞాపకానికి తేలిక.

వెళ్లనివారిని సున్నాగా లెక్కించవద్దు. వాళ్లది వేరే వరుస.

నడపడంలో మిగతా నియమాలు. ప్రత్యామ్నాయ చికిత్స (మత్తు ఇంజెక్షన్‌కు బదులు పర్యవేక్షణలో మందు ఇచ్చే పద్ధతి) కింద బ్యుప్రెనార్ఫిన్ మాత్రను సిబ్బంది ఎదుట నాలుక కింద పెట్టుకునేవారితో, మాత్ర తీసుకుని కుదుటపడ్డాకే మాట్లాడండి. ముందు మాట్లాడితే ఒళ్లునొప్పుల మధ్య ఏ జవాబైనా ఇస్తారు, ఆ సమ్మతి సమ్మతి కాదు. మత్తుమందు వాడడమే ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం సెక్షన్ 27 కింద నేరం కాబట్టి సంతకం ఉన్న సమ్మతి పత్రం వాళ్లకు ముప్పు. నోటిమాట సమ్మతికి ఎథిక్స్ కమిటీ (పరిశోధనల్లో పాల్గొనేవారి హక్కులు చూసే కమిటీ) అనుమతి ముందే తీసుకున్నాం. మందు ఎక్కడ కొంటారు, ఎవరు ఇస్తారు అన్నవి అడగనే వద్దు. దారి ఖర్చు, భోజనం ఇవ్వాలి. డ్రాప్-ఇన్ కేంద్రానికి స్త్రీలు అరుదుగా వస్తారు. వారితో స్త్రీలే, వేరే చోట మాట్లాడారు. సంఖ్య చిన్నది కాబట్టి వారి జవాబులను విడి పట్టికగా ఎక్కడా చూపము.

ఇప్పటి లెక్క: రెండో వైపు ప్రశ్నలు 24 నుంచి 11కి తగ్గాయి. మాట్లాడినవారు 48.

దశ 8: పరికరం నిలకడ

రెండు వారాల ఎడంతో 40 మంది సిబ్బందికి అదే ఫారం మళ్లీ ఇచ్చాం. పేరు లేకుండా రెండు కాగితాలను జత చేయాలి. అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ చాలనుకుంటే 'ల', 'స' లతో కాగితాలు కుప్ప పడ్డాయి, లక్ష్మి, సత్యవతి, సరస్వతి లేని ఇల్లు లేదు. అమ్మ పేరులో చివరి అక్షరం, తోబుట్టువుల్లో తనది ఎన్నో స్థానం అన్నవి కూడా కలిపాక జతలు కుదిరాయి. ఫోను నంబరు అంకెలు అడగవద్దు.

తీర్పు భాగం మార్కులు 7 నుంచి 28 వరకు. విచలనం 4, రెండుసార్ల మధ్య పొందిక 0.78. దీనితో కొలత దోషం సుమారు 1.9. ఒక వ్యక్తిలో నిజమైన మార్పు అనాలంటే కనీసం 5.2 మార్కులు కదలాలి. 40 మంది సగటులో అయితే 0.8 దాటితే చాలు. అంటే ఈ పరికరంతో ఒక గుంపు మారిందని చెప్పవచ్చు, ఫలానా నర్సు మారిందని చెప్పకూడదు.

ఈ అంకె చేతిలో ఉండడం వెంటనే ఉపయోగపడింది. ఒక ఆస్పత్రి యాజమాన్యం వార్డులవారీగా మార్కులు అడిగింది, మార్కు బాగా లేని వార్డుకు మెమో ఇస్తామంది. 9 మంది ఉన్న వార్డు సగటుకు ఆ పని చేసే బలం లేదని లెక్క చూపించి ఇవ్వలేదు. అలా ఇచ్చి ఉంటే మరుసటిసారి ఒక్కరూ నిజం రాయరు.

ఎవరు చేసినా పాటించవలసిన మార్కుల విధానం

1. భయం, తీర్పు, నడవడి మూడు వేర్వేరు మార్కులు. కూడవద్దు.
2. 'నా పనిలో ఎదురుకాలేదు' అన్న జవాబులు ఒక భాగంలో రెండుకు మించితే ఆ భాగానికి మార్కు వేయవద్దు.
3. భయం మార్కు పక్కన గ్లవ్స్, టీకా, రాత్రి సమాచారం జవాబులు తప్పక ఇవ్వాలి.
4. కథనం ఫలితం గుంపు స్థాయిలోనే. మూడు రకాలకూ కలిపి 120 మందికి తగ్గితే చూపవద్దు.
5. 15 మంది కంటే తక్కువ ఉన్న విభాగానికి విడిగా మార్కు ప్రకటించవద్దు.
6. రెండో వైపు పట్టిక లేకుండా సిబ్బంది పట్టికను ఒంటరిగా ఎవరికీ ఇవ్వవద్దు.

ముగింపు లెక్క: సిబ్బంది ఫారంలో మార్కుల ప్రశ్నలు 19, మార్కు లేనివి 3, కథనం 1. రెండో వైపు ప్రశ్నలు 11. సిబ్బంది 148 మంది, వారిలో రెండుసార్లు నింపినవారు 40. చికిత్సకు వచ్చేవారు, రావలసినా రానివారు కలిసి 48.

ఇంకా మిగిలిన పని: ప్రత్యామ్నాయ చికిత్స కేంద్రాల్లో ఏళ్లుగా పనిచేస్తున్నవారికీ జనరల్ వార్డువారికీ తీర్పు మార్కులో తేడా వస్తుందో లేదో చూడాలి. రాకపోతే ఆ 7 ప్రశ్నలు మళ్లీ పీర్ బృందం బల్ల మీదికే వెళ్తాయి. తెలంగాణ జిల్లాల్లో వాడేవారు ముందు అక్కడి సిబ్బందిలో పది, పదిహేను మందితో దశ 3 పూర్తిచేసి, వాక్యాలు వారి పని తీరుకు సరిపోతున్నాయో చూసుకుని మొదలుపెట్టండి.